నిదానమైన నీటిపై బృందంగా కయాకింగ్: రేవు దగ్గర మొదలుపెట్టి రేవు చేరేదాకా

పదిమంది కలిసి కయాకింగ్‌కు, అంటే రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో చిన్న పడవలు నడపడానికి, బయల్దేరినప్పుడు, ఏదైనా జరిగితే పక్కనున్నవాళ్లు చూసుకుంటారులే అన్న ధీమా ప్రతి ఒక్కరిలోనూ తెలియకుండానే చోటు చేసుకుంటుంది. ఆ ధీమా నిలబడాలంటే పక్కన నిజంగా ఎవరో ఒకరు ఉండాలి. పది పడవలు ఒక కిలోమీటరు పొడవునా చెదిరిపోయి, ముందున్నవారికి వెనుకవారు కనబడకుండా, వెనుకవారి కేక ముందువారికి వినబడకుండా సాగుతుంటే దాన్ని బృందం అనలేము. ఒకే రోజున, ఒకే నీటిమీద, ఎవరికి వారుగా వెళ్తున్న పదిమంది అని మాత్రమే అనగలం. కదలిక లేని సరస్సు, నెమ్మదిగా పారే నది, మలుపులు తిరిగే వాగు, ఆటుపోట్లు తగిలే ఉప్పుటేరు వంటి చోట్లకు ఒక బృందాన్ని తీసుకువెళ్లాలనుకునేవారి కోసం, ఆ బృందంలో తొలిసారి తెడ్డు పట్టేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నురుగులు కక్కుతూ రాళ్ల మధ్య దూకే నీటి సంగతి ఇందులో ఎత్తడం లేదు. దానికి వేరే శిక్షణ, వేరే పడవలు కావాలి.

నీటిని ముందుగా చదవడం

నిదానంగా కనబడే నీళ్లన్నీ ఒక్క తీరున ఉండవు. సరస్సులో ప్రవాహం ఉండదు కాబట్టి అది అన్నిటికన్నా క్షేమమని చాలామంది అనుకుంటారు కానీ, అక్కడ జాగ్రత్త పడవలసింది గాలితో. గాలికి అడ్డు లేకుండా ఎంత పొడవున నీరు పరచుకుని ఉంటే, ఆవలి ఒడ్డు దగ్గర అలలు అంత పెద్దవవుతాయి. గాలిబలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంలో మూడో అంకె, అంటే గంటకు 12 నుంచి 19 కి.మీ. వేగం, చేరాక నీటిమీద అక్కడక్కడా తెల్లని కొసలు కనిపించడం మొదలవుతుంది. కొత్తవారున్న బృందానికి ఆ తెల్లని కొసలే హద్దు. అవి ఒడ్డునుంచే కనిపిస్తుంటే ఆ రోజు పడవ దించకపోవడం మేలు. ఎండ ఎక్కేకొద్దీ గాలి కూడా పెరగడం చాలా చోట్ల మామూలే కాబట్టి, ఉదయం తొందరగా దిగి మధ్యాహ్నానికి ఒడ్డు చేరేలా చూసుకోవాలి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లడం, ఒంట్లో శక్తి తగ్గిన తిరుగు ప్రయాణంలో గాలిని వీపున పెట్టుకోవడం సరైన పద్ధతి. హాయిగా ఉందని గాలివాలున మూడు కిలోమీటర్లు కొట్టుకుపోయి, తిరిగి రాలేక అలసిపోయేవారు ప్రతి సరస్సులోనూ కనిపిస్తారు.

నది విషయంలో మొదట తేల్చుకోవలసింది ప్రవాహ వేగం. సాధారణమైన కొత్తవారు తీరుబడిగా తెడ్డు వేస్తే గంటకు నాలుగైదు కిలోమీటర్లు సాగగలరు. నీరే గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తుంటే మిగిలే వేగం నడకలో సగం కూడా ఉండదు. అందువల్ల బయల్దేరిన చోటికే తిరిగి రావాలనుకుంటే, మొదట ఎదురు వెళ్లి, అలసట మొదలయ్యేలోపే మళ్లి, ఏటివాలున దిగిరావాలి. అలా కాక ఒక రేవులో దిగి దిగువన మరో రేవులో తేలాలనుకుంటే, ఒక వాహనాన్ని ముందే దిగువ రేవు దగ్గర ఉంచిరావడం తప్పనిసరి. ఆ వాహనం తాళంచెవి ఎగువ రేవులో వదిలిన వాహనంలో ఉండిపోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు. పడవ దించే ముందు ఆ తాళంచెవి ఎవరి దగ్గర, ఏ సంచిలో ఉందో అందరి ఎదుటా పైకి చెప్పించడం అలవాటు చేసుకోండి. ఎగువన ఆనకట్ట ఉన్న నదిలో వాన లేకపోయినా నీటిమట్టం ఉన్నట్టుండి పెరగవచ్చు. నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలుసుకోకుండా అలాంటి నదిలో దిగకూడదు.

వాగుల్లోనూ నదుల్లోనూ రెండు చోట్లకు ఎంత నిదానమైన రోజునైనా దగ్గరగా పోకూడదు. మొదటిది, నీరు అడ్డంగా కట్టిన చిన్న కట్ట మీదుగా దొర్లిపడే చోటు. పైనుంచి చూస్తే అది నీటిలో గీసిన నున్నని గీతలాగా మాత్రమే కనబడుతుంది, రెండు మూడు అడుగుల ఎత్తే కదా అనిపిస్తుంది. కానీ కట్ట కింద నీరు వెనక్కి తిరిగి తనలోకి తానే చుట్టుకుంటుంది, అందులో పడినదేదీ లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి రాలేక అక్కడే దొర్లుతూ ఉంటుంది. దాన్ని దూరం నుంచే గుర్తించి, ఒడ్డెక్కి, పడవలను మోసుకుని దాటాలి. రెండోది, మలుపు బయటి అంచున నీటిలోకి ఒరిగిన చెట్టు. కొమ్మల సందుల్లోంచి నీరు పోతుంది కానీ పడవ పోదు, మనిషీ పోడు; ప్రవాహం వెనుకనుంచి నెడుతూనే ఉంటుంది. మలుపులో బయటి అంచున నీరు వేగంగా, లోతుగా ఉంటుంది, లోపలి అంచున నెమ్మదిగా, పలుచగా ఉంటుంది కాబట్టి, ముందు ఏముందో కనబడని మలుపులను లోపలి అంచు వెంబడే తిరగాలి.

ఉప్పుటేరుకు వెళ్లేవారు సముద్రం లెక్కలు చూసుకోవాలి. చాలా తీరాల్లో పోటుకూ పాటుకూ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాల వ్యవధి ఉంటుంది, మరునాడు అవి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నీరు అన్ని గంటల్లోనూ సమంగా దిగదు: మొదటి గంటలోనూ చివరి గంటలోనూ మొత్తం తేడాలో పన్నెండో వంతు చొప్పున మాత్రమే కదులుతుంది, నడిమి రెండు గంటల్లో సగం మేర దిగిపోతుంది. ఇంకా చాలా నీరుంది అనుకుంటూ కొమ్మ కింద కబుర్లలో పడినవారు గంట తరువాత బురదమీద కూర్చుని ఉంటారు. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తేడా మరింత ఎక్కువ. పోటు ఎక్కుతున్నప్పుడు లోపలికి వెళ్లి, అది నిండిన కొద్దిసేపటికే వెనుదిరిగితే రానూపోనూ నీరే సాయం చేస్తుంది. ఒకవేళ పడవ బురదలో కూరుకుపోతే దిగి నడవడానికి ప్రయత్నించకండి. ఆ బురద నడుము లోతు ఉండవచ్చు. పడవలోనే కూర్చుని నీరు తిరిగి వచ్చేదాకా వేచి ఉండటం విసుగైన పనే అయినా క్షేమమైన పని.

పడవ, తెడ్డు, జాకెట్

ఆర్కిటిక్ ప్రాంతపు ఇనుయిట్ వేటగాళ్లు సీల్ చర్మాన్ని చట్రానికి బిగించి చేసుకున్న పడవ నుంచి నేటి కయాక్ పుట్టింది. ఆ పడవను మనిషి కొలతలను బట్టి కట్టేవారన్న సంగతి నేటికీ గుర్తుంచుకోదగినదే, ఎందుకంటే ఒంటికి సరిపడని పడవలో ఎంత ఓపిక ఉన్నవారైనా గంటలో అలసిపోతారు. కొత్తవారికి పైన కూర్చునే రకం అనువైనది: తిరగబడినా అందులో నీరు నిలవదు, ఈతలోంచే మళ్లీ పైకి ఎక్కవచ్చు. లోపల కూర్చునే రకం ఒంటిని కొంత పొడిగా ఉంచుతుంది, గాలికి తక్కువగా లొంగుతుంది, అయితే బోల్తాపడితే నీటితో నిండిపోతుంది. ముందూ వెనుకా గాలి అరలు గానీ గాలి సంచులు గానీ లేని పడవైతే దాన్ని నీటిమీద ఖాళీ చేయడం దాదాపు అసాధ్యం. పొట్టి పడవ తొందరగా తిరుగుతుంది, పొడవాటి పడవ నేరుగా, వేగంగా సాగుతుంది. ఈ తేడా బృందంలో తప్పక బయటపడుతుంది: మూడు మీటర్ల పడవలో ఉన్నవారు నాలుగున్నర మీటర్ల పడవను అందుకోవడానికి రోజంతా శ్రమిస్తూనే ఉంటారు. అందుచేత వీలైనంతవరకు ఒకే తీరు పడవలు ఎంచుకోండి. వీలుకాకపోతే పొడవైన పడవలను అనుభవజ్ఞులకు ఇవ్వకుండా, చేతుల్లో బలం తక్కువున్నవారికి ఇవ్వండి. ఇద్దరు కూర్చునే పడవలో ముందున్నవారు లయను నిర్ణయిస్తారు, వెనుకవారు ఆ లయను అనుసరిస్తూ దిశను చూసుకుంటారు.

తెడ్డు పొడవు మామూలు విహారానికి 220 నుంచి 240 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పడవ వెడల్పు, మనిషి ఎత్తు పెరిగేకొద్దీ పొడవాటిది కావాలి. దాన్ని అడ్డంగా తలమీద పెట్టుకుని, మోచేతులు లంబకోణంలో ఉండేలా పట్టుకుంటే, చేతులుండవలసిన చోటు అదే. తెడ్డు రెక్కలోని గుంట వైపు తమ వైపుకు ఉండాలని తెలియక, తిరగేసి పట్టుకునేవారు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు ఉంటారు. బయల్దేరే ముందు చూసి సరిచేయండి.

లైఫ్ జాకెట్ గురించి నాకు రాజీ లేదు. ఈత వచ్చినవారు, లోతు లేదనుకునేవారు, ఎండగా ఉందని విప్పి పడవ వెనుక కట్టుకునేవారు, వీరందరికీ ఒకటే మాట: నీటిలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం కుదరదు. బకిళ్లన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డాన్ని దాటి ముఖం మీదికి వస్తే అది పెద్దదైనా అయి ఉండాలి, వదులుగానైనా ఉండాలి. ప్రతి జాకెట్‌కూ ఒక ఈల కట్టి ఉండాలి. నీటిలో తడిసి, గుండె దడలో నోట మాట రాకపోయినా ఈల ఊదవచ్చు, దాని శబ్దం కేకకన్నా చాలా దూరం పోతుంది.

దుస్తులు ఆ రోజు ఎండను బట్టి కాక, ఆ రోజు నీటి చల్లదనాన్ని బట్టి వేసుకోవాలి. వేడిని లాగేసే గుణం గాలికన్నా నీటికి 20 రెట్లకు పైగా ఎక్కువ. చన్నీటిలో హఠాత్తుగా పడినప్పుడు మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, తరువాతి పది నిమిషాల్లో వేళ్లు, చేతులు పట్టు కోల్పోతాయి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటిని చల్లబరుస్తూనే ఉంటాయి. తొందరగా ఆరే బట్టలే మేలు. కాలికి వేళ్లు మూసి ఉండే, నీటిలో ఊడిపోని చెప్పులు కావాలి. మిగతావి త్వరగా చెప్పవచ్చు: ఒక్కొక్కరికి కనీసం ఒక లీటరు తాగునీరు, టోపీ, మార్పు బట్టలు డ్రై బ్యాగులో (నీరు చొరని సంచిలో), బృందం మొత్తానికి ఒక అదనపు తెడ్డు, నీరు తోడే పంపు, ప్రథమచికిత్స పెట్టె, లాగడానికి తాడు, ఆ తాడు చిక్కుకుంటే కోయడానికి కత్తి.

ఒడ్డున తేల్చుకోవలసిన మాటలు

పడవలు నీటిలోకి దిగాక ఎవరూ ఎవరి మాటా పూర్తిగా వినరు. కాబట్టి ఒడ్డున పది నిమిషాలు అందరినీ గుండ్రంగా నిలబెట్టి మాట్లాడటాన్ని మర్యాద కోసం చేసే తంతుగా భావించకండి. ఎవరికి ఈత రాదు, ఎవరికి ఉబ్బసం లేదా భుజం నొప్పి ఉంది, ఎవరు తొలిసారి వస్తున్నారు అన్నవి నాయకుడికి తెలియాలి. నలుగురిలో చెప్పడానికి ఇబ్బంది పడేవారిని పక్కకు పిలిచి అడగండి. ఎనిమిది పడవలు దాటితే బృందాన్ని రెండుగా విడదీసి, ఒక్కొక్కదానికి వేరే నాయకుడిని పెట్టడం నా అభిప్రాయంలో తప్పనిసరి.

ముందు ఒకరు, చివర ఒకరు ఉంటారు. ముందున్న వ్యక్తిని ఎవరూ దాటరాదు, చివరి వ్యక్తికి వెనుక ఎవరూ మిగలరాదు. ఈ రెండింటిలో చివరి స్థానానికే ఎక్కువ నేర్పు కావాలని నా అనుభవం చెబుతోంది, ఎందుకంటే జరిగేవన్నీ ముందున్నవారి వీపు వెనుకే జరుగుతాయి. అందుకే రక్షణ తెలిసిన మనిషిని, తాడు, అదనపు తెడ్డు ఇచ్చి వెనుక కాపుగా పెట్టండి. మధ్యలో ఉన్నవారిని ఇద్దరిద్దరిగా జత చేసి, జతలో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండమనండి. నేను వెళ్లిన తొలి యాత్రల్లో ఒకదానిలో వెనుక కాపు ఎవరో ఎవరూ చెప్పలేదు. విరామం కోసం ఒడ్డున ఆగి లెక్కపెడితే ఒక పడవ తక్కువైంది. ఆ పడవలోని ఆమె పక్కపాయలోకి మళ్లి, రెల్లు పట్టుకుని, అరగంటగా పిలుస్తూ ఉంది. ఏ హానీ జరగలేదు, కానీ ఆ అరగంటలో తనను ఎవరూ వెతకడం లేదన్న భయం ఆమెకు ఆ తరువాత కూడా చాలాకాలం పోలేదు. ఆనాటి నుంచి ప్రతి మలుపు తరువాత, ప్రతి విరామానికి ముందూ తరువాతా, పడవలను పైకి లెక్కపెట్టే అలవాటు చేసుకున్నాను.

సైగలు నాలుగు చాలు. తెడ్డును నిలువుగా ఎత్తితే ముందుకు రమ్మని, తలపై అడ్డంగా పట్టుకుంటే ఉన్నచోటే ఆగమని అర్థం. ఈల ఒకసారి ఊదితే నావైపు చూడమని, మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం. తెడ్డుతో దారి చూపేటప్పుడు వెళ్లవలసిన వైపు మాత్రమే చూపాలి. రాయి ఉన్నచోటును వేలెత్తి చూపిస్తే, కంగారులో ఉన్న కొత్తవారు ఆ రాయి వైపే వస్తారు. ఎవరైనా సైగ చేస్తే అందుకున్నవారు అదే సైగ చేసి వెనుకవారికి అందించాలి.

ఒడ్డున ఉండిపోయే ఒక మనిషికి, ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడ తేలుతారు, ఎందరు వెళ్తున్నారు, ఏ వేళకు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నవి రాసి ఇవ్వండి.

తెడ్డు వేయడం

కాళ్లు ఆనించే చోట పాదాలు పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు నిటారుగా ఉంచి కూర్చోవాలి. తెడ్డును పాదాల దగ్గర నీటిలో ముంచి, తుంటి దగ్గరకు రాగానే పైకి తీయాలి. అంతకన్నా వెనక్కి లాగితే అది నీటిని పైకెత్తడమే తప్ప పడవను ముందుకు నెట్టడం కాదు. బలం చేతులనుంచి కాక నడుమును తిప్పడం నుంచి రావాలి. కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడి భుజం ముందుకు వెళ్లి, నడుముతో పాటు వెనక్కి రావాలి. ఇలా వేస్తే రెండు గంటల తరువాత కూడా భుజాలు నొప్పి పుట్టవు. పడవ ఎడమకు తిరగాలంటే కుడివైపున, ముందునుంచి వెనుకదాకా పెద్ద అర్ధచంద్రాకారంలో తెడ్డును లాగాలి. ఆపాలంటే తొందరపడకుండా, రెండు వైపులా మార్చిమార్చి వెనక్కి చిన్నచిన్న పట్లు వేయాలి. లోతు తక్కువైన ఒడ్డు దగ్గర పావుగంట ఈ మూడింటినీ అందరిచేతా చేయించి, ఎవరు తడబడుతున్నారో గమనించిన తరువాతే బయల్దేరండి. ఆ తడబడేవారి వేగమే ఆ రోజు బృందం వేగం.

ఈ మాటను కచ్చితంగా పాటించడం వినడానికి తేలికే కానీ ఆచరణలో కష్టం. ముందున్నవారు ఆగి వేచి ఉంటారు, వెనుకవారు రొప్పుతూ వచ్చి చేరగానే, ఇక విశ్రాంతి అయిందని ముందువారు మళ్లీ కదులుతారు. అంటే విశ్రాంతి అవసరమైనవారికి తప్ప మిగిలిన అందరికీ విశ్రాంతి దొరుకుతుంది. చివరి పడవ వచ్చి చేరిన తరువాత ఐదు నిమిషాలు లెక్కపెట్టి, అప్పుడు కదలాలి. తొలి యాత్రకు మొత్తం ఐదారు కిలోమీటర్లు చాలు. విరామాలతో కలిపి అది మూడు గంటల పని.

పడవకూ పడవకూ మధ్య దూరం నీటిని బట్టి మారుతుంది. వెడల్పైన సరస్సులో మామూలు గొంతు వినిపించేంత దగ్గరగా ఉండాలి. ఇరుకైన వాగులో ముందు పడవ ఆగితే వెనుకది గుద్దుకోకుండా రెండు మూడు పడవల పొడవు వదలాలి. మోటారు పడవలు తిరిగే దారిని దాటవలసి వస్తే ఒక్కొక్కరుగా తోకలాగా సాగకుండా, అందరూ ఒకచోట గుమికూడి, దారి ఖాళీ అయ్యేదాకా ఆగి, పక్కపక్కన నిలిచి ఒకేసారి అడ్డంగా దాటాలి. పెద్ద పడవ నడిపేవారికి నీటిమట్టానికి ఇంత దగ్గరగా కూర్చున్న మనిషి కనబడటం కష్టం. దాని అల వస్తుంటే పడవ ముక్కును అలవైపు తిప్పి, తెడ్డు వేస్తూనే ఉండండి.

పడవ బోల్తాపడితే

నిదానమైన నీటిలో బోల్తాలు ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, పక్కవారికి సీసా అందించడానికి వంగినప్పుడూ జరుగుతాయి. పడినవారు మొదట చేయవలసింది ఊపిరి కుదుటపరచుకోవడం, పడవను వదలకుండా పట్టుకోవడం. తేలే పడవ దూరం నుంచి కనబడుతుంది, తల ఒక్కటే కనబడదు. ప్రవాహం ఉంటే పడవకు ఎగువ వైపున ఉండాలి, లేకపోతే పడవకూ రాయికీ మధ్య నలిగే ప్రమాదం ఉంది. పారే నీటిలో నిలబడటానికి ప్రయత్నించకూడదు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే మోకాళ్ల లోతు నీరు కూడా మనిషిని పడదోసి పైకి లేవనివ్వదు. వెల్లకిలా తేలి, పాదాలు ఏటివాలుకు, పైకి తేలేలా పెట్టుకుని ఒడ్డువైపు ఈదాలి.

ఒడ్డు దగ్గరలో ఉంటే మనిషిని ఒడ్డుకు చేర్చడమే తేలిక. నడినీటిలో అయితే సాయానికి వచ్చినవారు తిరగబడిన పడవ ముక్కు పట్టుకుని తమ పడవ మీదికి అడ్డంగా లాగి, నీరు కారిపోయాక సరిగా తిప్పి, తమ పడవ పక్కన సమాంతరంగా గట్టిగా అదిమి పట్టుకోవాలి. పడినవారు కాళ్లను నీటి ఉపరితలానికి తెచ్చి, తన్నుకుంటూ, బోర్లా పడవ మీదికి జరిగి, తరువాత నెమ్మదిగా తిరిగి కూర్చోవాలి. పైన కూర్చునే పడవకు ఈ పద్ధతి ఇంకా సులువు, దాన్ని తిప్పితే చాలు. అంతసేపూ ఒకరు మాత్రమే రక్షించాలి, మరొకరు కొట్టుకుపోయే తెడ్డును, సంచులను పట్టుకోవాలి, మిగిలినవారు దూరంగా, ఒడ్డు పట్టుకుని ఆగాలి. సాయం చేద్దామని అందరూ చుట్టూ చేరితే రెండో పడవ, మూడో పడవ బోల్తాపడతాయి. దీన్ని వెచ్చని రోజున, ఈదగలిగే నీటిలో, ముందే అభ్యాసం చేయండి. చదివి తెలుసుకున్నది ఆ క్షణంలో గుర్తురాదు, చేతులకు అలవాటైనదే పనికొస్తుంది.

పారే నీరు పడవను అడ్డంగా ఒక చెట్టుకో రాయికో తోస్తే, సహజంగా మనిషి ఆ అడ్డుకు దూరంగా ఒరుగుతాడు, ఎగువ అంచు మునిగి పడవ తిరగబడుతుంది. దానికి విరుద్ధంగా, అడ్డు వైపే ఒరిగి, దాన్ని కౌగలించుకున్నట్టు పట్టుకోవాలి.

వెనుదిరగడం, ముగించడం

ఉరుము వినబడితే అందరూ వెంటనే ఒడ్డెక్కాలి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ దిగకూడదు. గాలి పెరిగినా, ఎవరైనా వణుకుతున్నా, మాట తడబడుతున్నా అక్కడితో ఆపాలి. యాత్రను మధ్యలో ఆపే అధికారం బృందంలో ప్రతి ఒక్కరికీ ఉందని ఒడ్డునే చెప్పి ఉంచితే, అలసినవారు సిగ్గుపడి దాచుకోరు.

రేవు చేరాక బలమైనవారు ముందు దిగి, కొత్తవారి పడవలను పట్టుకుని దింపాలి. వెనుక కాపు చివరగా దిగి, పడవలను, మనుషులను మరొకసారి లెక్కపెట్టాలి. పడవల్లోని నీరు అక్కడే ఒంపేసి, అడుగున అంటుకున్న నాచును, గడ్డిని పూర్తిగా తీసి ఆరబెట్టండి, ఎందుకంటే ఒక నీటిలోని మొక్కలూ చిన్న జీవులూ ఇలాగే మరో నీటికి చేరి అక్కడ అల్లుకుపోతాయి. ప్లాస్టిక్ పడవ ఒక్కొక్కటి 20 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఇద్దరు చొప్పున మోయండి. వాహనం మీద కట్టేటప్పుడు నడుము దగ్గర రెండు పట్టీలతో పాటు ముందూ వెనుకా కూడా తాడు బిగించండి. ఇదంతా అయ్యాక, బయల్దేరే ముందు కాగితం రాసి ఇచ్చిన మనిషికి ఫోన్ చేసి, అందరూ ఒడ్డెక్కారని చెప్పండి.